రీసెట్ కొట్టకముందే కోర్ లాగు: వీఎం క్రాష్ డంప్‌ల ప్రాజెక్టు డైరీ

సోమవారం

మా దగ్గర ఒక డేటాబేస్ వీఎం (వర్చువల్ మెషీన్) ఉంది, 16 జీబీ ర్యామ్, 8 వీసీపీయూలు (వర్చువల్ సీపీయూలు), కేవీఎం (లినక్స్ కెర్నెల్‌లోని వర్చువలైజేషన్) మీద లినక్స్ గెస్ట్, గెస్ట్ అంటే వీఎం లోపలి ఓఎస్, దాన్ని మోసే అసలు మెషీన్ హోస్ట్. అప్పుడప్పుడు ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. పింగ్ కొడితే రిప్లై వస్తుంది, ఎస్ఎస్‌హెచ్ కనెక్ట్ అయినట్టే అయి అక్కడే నిలబడిపోతుంది, కన్సోల్‌లో ఎంటర్ కొడితే ఉలుకూ పలుకూ ఉండదు, హోస్ట్‌లో వీఎం స్థితి చెప్పే వర్ష్ డొమ్‌స్టేట్ కమాండ్‌ని అడిగితే మాత్రం రన్నింగ్ అని ధీమాగా చెప్తుంది. డ్యూటీలో ఎవరుంటే వాళ్లు రీసెట్ కొడతారు, ఒక్కోసారి రీసెట్ కొట్టేలోపే దానంతట అదే లేచి కూర్చుంటుంది, తర్వాత గెస్ట్‌లో లాగ్స్ చూస్తే హ్యాంగ్ అయిన టైమ్‌కి ఒక్క లైనూ ఉండదు. ఉండదు కూడా, డిస్కే ఆగిపోతే లాగ్ ఎక్కడ రాస్తుంది పాపం.

ఇక ఆ తర్వాత మామూలు తంతే, గెస్ట్ వాళ్లు హోస్ట్ అంటారు, హోస్ట్ వాళ్లు స్టోరేజ్ అంటారు, స్టోరేజ్ వాళ్లు "అన్నా, మా గ్రాఫ్‌లన్నీ క్లీన్‌గా ఉన్నాయి, మీ కెర్నెల్ చూసుకోండి" అంటారు. ఎవరి దగ్గరా ఆధారం లేదు. అందుకే ఈ ప్రాజెక్టు: వీఎం ఎలా చచ్చినా సరే, అంటే లోపల ప్యానిక్ అయినా (కెర్నెల్ కోలుకోలేక చేతులెత్తేయడం), బిగుసుకుపోయినా, హోస్ట్‌లో వీఎంని నడిపే క్యూఎము ప్రాసెసే కూలిపోయినా, హోస్ట్ వైపు ఒక మెమరీ డంప్ (మెమరీ మొత్తం ఫైల్‌గా, దీన్నే కోర్ అనీ అంటారు) మిగలాలి, అది తీశాకే రీసెట్. డంప్ గెస్ట్ లోపల కాకుండా హోస్ట్ నుంచే ఎందుకంటే లోపల కేడంప్ (క్రాష్ అయితే ఇంకో చిన్న కెర్నెల్‌లోకి దూకి డంప్ తీసే లినక్స్ ఏర్పాటు) పెట్టుకున్నా అది ప్యానిక్ అయితేనే పనిచేస్తుంది, మన వీఎం ప్యానిక్ అవ్వట్లేదు, ఊరికే నిలబడిపోతుంది. పైగా చచ్చినవాడిని నువ్వే లేచి స్టేట్‌మెంట్ ఇవ్వు అనడం కంటే బయటినుంచి చూడటమే నయం.

మంగళవారం

ముందు సులువైన దారి, ప్యానిక్ కేసు. ల్యాబ్‌లో అదే ఓఎస్ ఇమేజ్‌తో ఒక వీఎం లేపి డొమైన్ ఎక్స్ఎంఎల్‌లో (వీఎంలని నిర్వహించే లిబ్‌వర్ట్ అనే సాఫ్ట్‌వేర్ చదివే వీఎం కాన్ఫిగ్) ప్యానిక్ డివైస్ పెట్టా, ఐసా మోడల్, దీన్నే పీవీప్యానిక్ అంటారు, గెస్ట్‌కి ఇది హెక్స్‌లో 505 అనే ఐఓ పోర్ట్‌లా కనిపిస్తుంది, కెర్నెల్ ప్యానిక్ అయినప్పుడు అందులో ఒక బైట్ రాస్తుంది, క్యూఎము దాన్ని చూసి గెస్ట్ ప్యానిక్ అయిందని లిబ్‌వర్ట్‌కి చెప్తుంది. ఆన్_క్రాష్ అనే సెట్టింగ్‌ని కోర్‌డంప్-రీస్టార్ట్ చేస్తే లిబ్‌వర్ట్ డంప్ తీసి ఆటో డంప్ పాత్‌లో పడేసి వీఎంని మళ్లీ లేపుతుంది. డీఫాల్ట్ పాత్ వార్ కింద లిబ్‌వర్ట్ డైరెక్టరీలోనే ఉంటుంది, అది రూట్ పార్టిషన్ కాబట్టి క్యూఎము కాన్ఫ్ ఫైల్‌లో వేరే డిస్క్‌కి మార్చేశా, లేకపోతే ఒక్క డంప్‌తో హోస్ట్ రూట్ నిండి అసలు కథ కంటే పెద్ద కథ అవుతుంది.

గెస్ట్‌లో సిస్‌ఆర్‌క్యూ (కెర్నెల్‌కి నేరుగా ఆదేశమిచ్చే దారి) ట్రిగ్గర్‌కి సీ పంపి కావాలని ప్యానిక్ చేయిస్తే ఏమీ జరగలేదు. గెస్ట్ తనంతట తానే రీబూట్ అయిపోయింది, హోస్ట్‌కి కబురే లేదు. కారణం గెస్ట్‌లో డిస్ట్రో వాళ్లే కేడంప్ ఆన్ చేసి ఇచ్చారు. లినక్స్‌లో ప్యానిక్ ఫంక్షన్ నడిచే వరసలో కేడంప్ కెర్నెల్‌కి దూకడం ముందు, ప్యానిక్ నోటిఫయర్లని (ప్యానిక్ అయిందని కబురందుకునే ఫంక్షన్లు) పిలవడం తర్వాత, పీవీప్యానిక్ డ్రైవర్ ఆ నోటిఫయర్లలో ఒకటి, కాబట్టి దాని వంతు రాకముందే పాత కెర్నెల్ వెళ్లిపోతుంది. దీనికి క్రాష్_కెక్సెక్_పోస్ట్_నోటిఫయర్స్ అనే బూట్ పారామీటర్ ఉంది, వరస తిప్పుతుంది. నేను అది వాడలేదు, గెస్ట్ కేడంప్‌నే తీసేశా, క్రాష్‌కెర్నెల్ కోసం పక్కన పెట్టిన మెమరీ కూడా గెస్ట్‌కి తిరిగొచ్చింది. రెండూ ఉంచుకుని ఏది ముందు అని తలపట్టుకునే కన్నా ఒకటే మార్గం ఉండటం మేలనిపించింది.

ఊప్స్ (ప్యానిక్ దాకా వెళ్లని కెర్నెల్ లోపం) వచ్చినా ప్యానిక్ అయ్యేలా ప్యానిక్_ఆన్_ఊప్స్ 1 పెట్టా. ఊప్స్ తర్వాత సగం చచ్చి సగం బతికిన కెర్నెల్‌తో డేటాబేస్ నడపడం నాకసలు ఇష్టం లేదు.

ఇంకోటి, ఇది ముఖ్యం: ఎక్స్ఎంఎల్ ఫీచర్స్‌లో వీఎంకోర్‌ఇన్ఫో ఆన్ చేయండి. ఇప్పటి కెర్నెల్స్‌లో కేఏఎస్ఎల్ఆర్ అనే భద్రతా ఏర్పాటు వల్ల ప్రతి బూట్‌కీ కెర్నెల్ వేరే అడ్రస్‌లో కూర్చుంటుంది, ఎక్కడ కూర్చుందో తెలీకపోతే డంప్ అంతా అర్థం లేని బైట్లే. ఈ డివైస్ ఉంటే గెస్ట్ కెర్నెల్ బూట్ అవ్వగానే ఆ వివరాలని క్యూఎముకి ఇచ్చిపెడుతుంది, డంప్ తీసినప్పుడు అవి అందులో నోట్‌గా వస్తాయి. ఇది లేకపోయినా డంప్ చదివే క్రాష్ అనే టూల్ అందులో ఉన్న సీపీయూ రిజిస్టర్లు చూసి ఆఫ్‌సెట్ లెక్కకట్టే ప్రయత్నం చేస్తుంది గానీ రిజిస్టర్లే లేని డంప్ వస్తే ఏంటి సంగతి? అలాంటిది నిజంగానే వచ్చింది, కింద చెప్తా.

బుధవారం

డంప్ చదవడానికి క్రాష్ టూల్. దీనికి రెండు కావాలి, డంప్ ఒకటి, ఆ గెస్ట్ నడిపిన కెర్నెల్ తాలూకు డీబగ్ సింబల్స్ (ఏ అడ్రస్‌లో ఏ ఫంక్షన్ ఉందో చెప్పే వివరాలు) ఉన్న వీఎంలినక్స్ అనే కెర్నెల్ ఫైల్ ఒకటి. అదే అంటే అక్షరాలా అదే బిల్డ్, చివరి సబ్ వెర్షన్ తేడా ఉన్నా వీఎంలినక్స్, వీఎంకోర్ (అంటే డంప్) మ్యాచ్ అవ్వట్లేదని మొహం మీదే చెప్పేస్తుంది. గెస్ట్ చచ్చాక యూనేమ్ అడగలేం కాబట్టి డంప్ ఫైల్ మీద స్ట్రింగ్స్ నడిపి లినక్స్ వెర్షన్ అని ఉన్న లైన్ గ్రెప్ చేస్తే పూర్తి పేరు దొరుకుతుంది. మా దగ్గర నడిచే ప్రతి కెర్నెల్‌కీ డీబగ్‌ఇన్ఫో ప్యాకేజీ ఒక సర్వర్‌లో దాచే క్రాన్ పెట్టా, ఎందుకంటే రిపోజిటరీల్లోంచి పాత బిల్డ్‌లు మాయమైపోతుంటాయి, అర్ధరాత్రి అవసరం పడ్డప్పుడు వెతుక్కోవడం నరకం.

ల్యాబ్ ప్యానిక్ డంప్ బాగానే తెరుచుకుంది, బీటీ (బ్యాక్‌ట్రేస్, ఏ ఫంక్షన్ ఏది పిలిస్తే అక్కడికొచ్చిందో చూపేది) కొడితే సిస్‌ఆర్‌క్యూ హ్యాండ్లర్ దగ్గర ఉంది, ఇందులో చెప్పుకోడానికేం లేదు.

దాచిపెట్టడం గురించి ఒక మాట. డంప్ అంటే గెస్ట్ మెమరీ మొత్తం, అందులో టీఎల్ఎస్ ప్రైవేట్ కీలు, పాస్‌వర్డ్‌లు, కస్టమర్ల రికార్డులు అన్నీ ఉన్నట్టే. ఆ డైరెక్టరీ రూట్‌కి తప్ప ఎవరికీ కనపడకూడదు, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, బయటి వెండర్‌కి పంపాల్సి వస్తే మేక్‌డంప్‌ఫైల్ అనే టూల్‌కి డీ 31 ఇచ్చి వడకట్టాకే పంపాలి. ఆ 31 అంటే 1, 2, 4, 8, 16 కలిపితే వచ్చేది, వరసగా జీరో పేజీలు, మామూలు క్యాష్, ప్రైవేట్ క్యాష్, యూజర్ ప్రాసెస్ డేటా, ఫ్రీ పేజీలు, ఇవన్నీ తీసేస్తుంది, కెర్నెల్ వరకే మిగులుతుంది. సైజ్ కూడా బాగా చిక్కిపోతుంది. అలాగని అందులో రహస్యాలు అస్సలు ఉండవు అనుకోవద్దు, కెర్నెల్ బఫర్లలో నెట్‌వర్క్ ప్యాకెట్లు ఉండనే ఉంటాయి.

శుక్రవారం రాత్రి

అసలైన హ్యాంగ్ వచ్చింది. ఈసారి ఎవరూ రీసెట్ కొట్టలేదు, ముందే చెప్పి పెట్టాం కాబట్టి.

ప్లాన్ ప్రకారం వర్ష్ డంప్, మెమరీ-ఓన్లీ ఆప్షన్‌తో. ఆ ఆప్షన్ లేకుండా తీస్తే వచ్చేది లిబ్‌వర్ట్ సేవ్ ఫార్మాట్, మైగ్రేషన్ స్ట్రీమ్ లాంటిది, దాంతో తలనొప్పే, మెమరీ-ఓన్లీ అంటే క్రాష్ చదవగలిగే మామూలు ఈఎల్ఎఫ్ ఫైల్ వస్తుంది. కమాండ్ కొట్టాం. రాలేదు. ఫైల్ సైజ్ సున్నా దగ్గరే ఉంది. ఇంకో టెర్మినల్‌లో వేరే వర్ష్ కమాండ్ ఏది కొట్టినా కాసేపాగి స్టేట్ చేంజ్ లాక్ దొరకలేదని టైమవుట్ అవుతోంది.

పక్కనున్న కుర్రాడు లిబ్‌వర్ట్ రీస్టార్ట్ చేద్దామా అన్నాడు, వద్దన్నా, ఎందుకంటే ఇదే మనకి దొరికిన మొదటి క్లూ. డంప్ తీసే ముందు క్యూఎము వీఎంని ఆపుతుంది, ఆపడంలో మొదట వీసీపీయూలని నిలిపేస్తుంది, తర్వాత అప్పటికే హోస్ట్‌కి పంపిన డిస్క్ ఐఓలన్నీ పూర్తయ్యేదాకా ఎదురుచూస్తుంది, దాన్నే డ్రెయిన్ అంటారు. ఆ ఎదురుచూపు అవ్వట్లేదంటే క్యూఎము చేతిలో ఒక ఐఓ పోయింది, తిరిగి రాలేదు. అంటే డంప్ రాకపోవడమే సగం జవాబు! లైవ్ ఆప్షన్ ఇచ్చినా లాభం లేదు, మెమరీ-ఓన్లీ డంప్ నడుస్తున్నంతసేపూ క్యూఎము ఎలాగూ వీఎంని ఆపే తీరుతుంది.

సరే, జీడీబీ అనే డీబగ్గర్‌తో క్యూఎముకి అటాచ్ అయి జీకోర్ (నడుస్తున్న ప్రాసెస్ కోర్) తీద్దామంటే అక్కడ ఇంకో గొడవ. ప్రాక్ (ప్రాసెస్‌ల వివరాలు చూపే డైరెక్టరీ) కింద క్యూఎము థ్రెడ్లు చూస్తే వర్కర్ థ్రెడ్లు కొన్ని డీ స్టేట్‌లో, అంటే లేపినా లేవని నిద్రలో, ఉన్నాయి, ఆ స్టేట్‌లో ఉన్న థ్రెడ్ పీట్రేస్ (జీడీబీ వాడే సిస్టమ్ కాల్) పిలిస్తే ఆగదు, జీడీబీ దానికోసం కూర్చుంటుంది, మనం జీడీబీ కోసం కూర్చుంటాం. అందుకని అటాచ్ అవ్వకుండా ముందు ప్రతి థ్రెడ్ తాలూకు ప్రాక్ స్టాక్ ఫైల్‌ని ఊరికే క్యాట్ చేసి దాచాం. డీలో ఉన్న వర్కర్లన్నిటికీ ఒకటే స్టాక్: పైన వెయిట్ ఫర్ కంప్లీషన్ కిల్లబుల్, దాని కింద ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద నడిచే ఫైల్ స్టోరేజ్) డైరెక్ట్ రైట్.

ఇక్కడ సెటప్ చెప్పాలి. ఈ వీఎం డిస్క్ ఇమేజ్ ఎన్ఎఫ్ఎస్ మీద ఉంది, క్యాష్ నన్, అంటే హోస్ట్ క్యాష్‌ని దాటేసి రాసే ఓ_డైరెక్ట్, ఐఓలని వర్కర్ థ్రెడ్లు చేసే ఏఐఓ థ్రెడ్స్ మోడ్. ఆ హోస్ట్‌లో మిగతా వీఎంలు లోకల్ ఎన్‌విఎంఈ మీద ఉన్నాయి కాబట్టి వాటికి చీమ కుట్టినట్టు కూడా లేదు, అందుకే ఇన్నాళ్లూ హోస్ట్ బాగుందనే వాదన గెలుస్తూ వచ్చింది. ఎన్ఎఫ్ఎస్ స్టాక్ కనపడగానే కుర్రాడు ఇంకేముంది దొరికిపోయింది అన్నాడు. కాదు, ఎన్ఎఫ్ఎస్ మీద రాసే ప్రతి థ్రెడ్డూ ఏ క్షణాన చూసినా అక్కడే నిలబడి ఉంటుంది, ఒక్క ఫొటోతో అది ఇప్పుడే వచ్చిందో గంట నుంచి ఉందో చెప్పలేం. స్టోరేజ్ వాళ్ల ముందు పెట్టాలంటే ఎప్పటినుంచి అన్నది కావాలి, అది గెస్ట్ మెమరీలో ఉంది.

ఆ స్టాక్‌లో కిల్లబుల్ అన్న ముక్క ఉంది చూశారా, అదే మమ్మల్ని ఒడ్డున పడేసింది. మామూలు సిగ్నల్స్‌కి అది కదలదు గానీ చంపే సిగ్నల్‌కి లేస్తుంది. క్యూఎము ప్రాసెస్‌కి కిల్ అబార్ట్ పంపితే మెయిన్ థ్రెడ్ దాన్ని తీసుకుని కోర్ డంప్ మొదలవుతుంది, కెర్నెల్ మిగతా థ్రెడ్లన్నిటికీ సిగ్‌కిల్ ఇస్తుంది, అవి ఎన్ఎఫ్ఎస్ ఎదురుచూపు వదిలేసి బయటికొస్తాయి, కోర్ లోకల్ డిస్క్ మీద పడుతుంది. వీఎం ఎలాగూ పోతుంది, కానీ అది పోయినట్టే ఉంది కదా.

కోర్ రావాలంటే ముందే చేసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి మంగళవారమే పెట్టేశాం కాబట్టి బతికిపోయాం. లిబ్‌వర్ట్ మామూలుగా క్యూఎము కోర్‌లోంచి గెస్ట్ ర్యామ్‌ని తీసేస్తుంది, కాబట్టి డొమైన్ ఎక్స్ఎంఎల్ మెమరీ ట్యాగ్‌లో డంప్‌కోర్ ఆన్ ఉండాలి, క్యూఎము కాన్ఫ్‌లో మ్యాక్స్_కోర్ అన్‌లిమిటెడ్ ఉండాలి. కోర్‌లని దాచే సిస్టమ్‌డీ-కోర్‌డంప్ కాన్ఫిగ్‌లో ప్రాసెస్‌సైజ్‌మ్యాక్స్, ఎక్స్‌టర్నల్‌సైజ్‌మ్యాక్స్ రెండూ పెంచాలి, పాత వెర్షన్లలో డీఫాల్ట్ 2 జీబీ, కొత్తవాటిలో 32 జీబీ, మనది 16 జీబీ గెస్ట్ కాబట్టి పాత డీఫాల్ట్‌తో అయితే కోర్ నిర్దాక్షిణ్యంగా పారేస్తుంది. హ్యూజ్‌పేజెస్ (పెద్ద మెమరీ పేజీలు) షేర్డ్‌గా వాడే గెస్ట్‌లైతే కోర్‌డంప్_ఫిల్టర్‌లో బిట్ 6 కూడా వేసుకోవాలి, డీఫాల్ట్‌లో అది ఉండదు. అలాంటి వీఎం మా దగ్గర ఒకటుంది, దానికీ వేశా.

కోర్ కంప్రెస్ అవుతూ రాయడానికి టైమ్ పట్టింది, అది అయ్యేదాకా ప్రాసెస్ చావదు, ఈలోపు వేరే హోస్ట్‌లో లేపేద్దాం అని పైనుంచి ఒత్తిడి. లేపకూడదు. ప్రాసెస్ చచ్చినా హోస్ట్ కెర్నెల్‌లో ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ దగ్గర ఆగిపోయిన రైట్లు ఉండొచ్చు, అవి ఆలస్యంగా సర్వర్‌కి చేరి కొత్తగా లేచిన వీఎం రాసినదాని మీద పడితే ఫైల్‌సిస్టమ్ గంగలో కలుస్తుంది. అందుకే ఆ హోస్ట్ నుంచి స్టోరేజ్ వైపు దారిని ఫైర్‌వాల్‌లో మూయించి, స్టోరేజ్ వాళ్లని కూడా ఆ క్లయింట్‌ని తీసేయమని చెప్పి, వాళ్లు అయింది అన్నాకే ఇంకో హోస్ట్‌లో లేపాం. ఫైల్‌సిస్టమ్ జర్నల్ రీప్లే అయి మామూలుగా లేచింది.

శనివారం

ఇప్పుడు చేతిలో ఉన్నది క్యూఎము ప్రాసెస్ కోర్, మనకి కావాల్సింది గెస్ట్ వీఎంకోర్. క్యూఎము సోర్స్‌లోనే స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో డంప్-గెస్ట్-మెమరీ అని ఒక పైథాన్ ఫైల్ ఉంటుంది, చాలామందికి తెలీదు, బంగారం లాంటి ఫైల్. క్యూఎము డీబగ్ సింబల్స్ వేసుకుని, కోర్‌ని జీడీబీలో తెరిచి, ఈ స్క్రిప్ట్ సోర్స్ చేస్తే జీడీబీలో అదే పేరుతో కొత్త కమాండ్ వస్తుంది, ఫైల్ పేరు, ఆర్కిటెక్చర్ ఇస్తే క్యూఎము లోపలి స్ట్రక్చర్లు తిరిగి గెస్ట్ ర్యామ్ ఎక్కడెక్కడ ఉందో పట్టుకుని మామూలు గెస్ట్ ఈఎల్ఎఫ్ డంప్ రాసిపెడుతుంది.

ఒక లోటు ఉంది. ఇందులో వీసీపీయూ రిజిస్టర్లు రావు, కేవీఎంలో అవి హోస్ట్ కెర్నెల్ దగ్గర ఉంటాయి, ప్రాసెస్ మెమరీలో కాదు. అంటే ఆ క్షణంలో సీపీయూ మీద నడుస్తున్న టాస్క్‌ల బ్యాక్‌ట్రేస్‌ని నమ్మలేం. కానీ మన రోగి నడవట్లేదు, పడుకున్నాడు, పడుకున్న టాస్క్‌ల స్టాక్ మొత్తం మెమరీలోనే ఉంటుంది, కాబట్టి హ్యాంగ్ కేసుకి ఇది చాలు. రిజిస్టర్లు లేకపోతే కేఏఎస్ఎల్ఆర్ లెక్క కూడా కుదరదు అన్నా కదా, అక్కడ వీఎంకోర్‌ఇన్ఫో నోట్ ఆదుకుంది, స్క్రిప్ట్ దాన్ని కూడా డంప్‌లోకి ఎత్తింది. ఆ ఒక్క ఎక్స్ఎంఎల్ లైన్ లేకపోతే శనివారం అంతా హెక్స్ చూస్తూ కూర్చునేవాడిని.

క్రాష్ తెరుచుకుంది. బ్యానర్‌లో లోడ్ యావరేజ్ వందల్లో ఉంది, సీపీయూలు 8, అంటే ఎవరూ పనిచేయట్లేదు, అందరూ క్యూలో ఉన్నారు. లాగ్ కొడితే టాస్క్ 120 సెకన్లకి మించి బ్లాక్ అయింది అనే మెసేజ్‌లు, పది వచ్చి ఆగిపోయాయి. పదే ఎందుకంటే హంగ్_టాస్క్_వార్నింగ్స్ డీఫాల్ట్ విలువ 10, సమస్య తగ్గి ఆగినవి కావు. ఇవి మెమరీలోని రింగ్ బఫర్‌లో ఉన్నాయి గానీ డిస్క్‌కి ఎప్పటికీ చేరలేదు, లాగ్‌లు రాసే జర్నల్‌డీ కూడా ఆ క్యూలోనే నిలబడి ఉంది మరి.

ఫోర్‌ఈచ్ యూఎన్ బీటీ అంటే అన్‌ఇంటరప్టబుల్‌గా ఉన్న ప్రతి టాస్క్‌కీ బ్యాక్‌ట్రేస్ ఇస్తుంది. పేజీలు పేజీలు వచ్చింది, అన్నీ చదివితే పిచ్చెక్కుతుంది, చదవక్కర్లేదు. డేటాబేస్ థ్రెడ్లు ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌కి చేరేదాకా ఆగే కాల్) కింద జర్నల్ కమిట్ కోసం చూస్తున్నాయి, ఇంకొన్ని కొత్త ట్రాన్సాక్షన్ మొదలుపెట్టడానికి లాక్ కోసం చూస్తున్నాయి, ఈ రెండు రకాలూ ఎదురుచూసేది ఒక్కడి కోసమే, జేబీడీ2 అనే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ జర్నల్ థ్రెడ్. సింగిల్ రోడ్డు మీద ముందు లారీ ఆగితే వెనక బళ్లన్నీ ఆగినట్టు. ఆ జేబీడీ2 బీటీ చూస్తే కమిట్ ట్రాన్సాక్షన్ లోపల వెయిట్ ఆన్ బఫర్, దాని మీద ఐఓ షెడ్యూల్. అంటే తను రాసిన బ్లాక్ డిస్క్‌కి చేరిందన్న కబురు కోసం చూస్తోంది.

పీఎస్ ఎమ్ అనే కమాండ్ ప్రతి టాస్క్ చివరిసారి నడిచి ఎంతసేపైందో చూపిస్తుంది, ఇటీవలివి పైన, పాతవి కింద. యూఎన్ వాటిని వడకట్టి చివరికి వెళ్తే మొదట పడిపోయింది ఎవరో తెలుస్తుంది. జేబీడీ2నే, 23 నిమిషాల పైన. డంప్‌లో గెస్ట్ గడియారం ఎక్కడ ఆగిందో బ్యానర్‌లో డేట్ దగ్గర ఉంటుంది, అది మేం వర్ష్ డంప్ కొట్టిన టైమే, ఎందుకంటే వీసీపీయూలు అప్పుడే నిలిచిపోయాయి. అందులోంచి 23 నిమిషాల చిల్లర తీసేస్తే హ్యాంగ్ మొదలైన క్షణం సెకన్ల తేడాతో వచ్చేసింది.

ఇక ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం. గెస్ట్ కబురు కోసం చూస్తోంది సరే, హోస్ట్ కబురు పంపలేదా, పంపితే గెస్ట్ చూసుకోలేదా? ఈ రెండిటికీ బయటినుంచి లక్షణాలు ఒకటే. తేడా విర్ట్‌ఐఓ (గెస్ట్ వాడే వర్చువల్ డిస్క్ డివైస్) రింగ్‌లో ఉంది. గెస్ట్, హోస్ట్ రెండూ పంచుకునే మెమరీలో రెండు కౌంటర్లు ఉంటాయి, గెస్ట్ రిక్వెస్ట్ పెట్టిన ప్రతిసారీ అవైల్ ఇండెక్స్ పెరుగుతుంది, హోస్ట్ పూర్తి చేసిన ప్రతిసారీ యూజ్డ్ ఇండెక్స్ పెరుగుతుంది, ఇవి కాక గెస్ట్ డ్రైవర్ తను ఎంతవరకు చూసుకున్నదీ లాస్ట్ యూజ్డ్ అని తన దగ్గర రాసుకుంటుంది. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే తగువు తీరిపోతుంది.

తీసే పద్ధతి: విర్ట్‌ఐఓ బ్లాక్ డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంటే ముందు మాడ్ ఎస్ తో దాని సింబల్స్ ఎక్కించాలి. డెవ్ డీ కొడితే డిస్కుల లిస్ట్‌లో వీడీఏ (గెస్ట్ డిస్క్) జెన్‌డిస్క్ స్ట్రక్చర్ అడ్రస్ వస్తుంది, అందులో ప్రైవేట్ డేటా పాయింటర్ విర్ట్‌ఐఓ బ్లాక్ స్ట్రక్చర్‌కి వెళ్తుంది, అందులో క్యూల అర్రే, ఒక్కో క్యూలో వర్చ్‌క్యూ పాయింటర్. ఆ వర్చ్‌క్యూ అనేది వీరింగ్ వర్చ్‌క్యూ అనే పెద్ద స్ట్రక్చర్‌లో మొదటి మెంబర్, కాబట్టి అదే అడ్రస్‌ని ఆ పెద్ద పేరుతో స్ట్రక్ట్ కమాండ్‌కి ఇస్తే అంతా విప్పి చూపిస్తుంది. డెవ్ డీ లోనే ఐఓ కౌంట్ కూడా ఉంటుంది గానీ పాత క్రాష్ వెర్షన్లలో కొత్త మల్టీక్యూ కెర్నెల్స్‌కి అది నమ్మకూడదు, రింగే చూడండి.

ఎక్కువ క్యూలలో మూడు అంకెలూ సమానం. ఒక క్యూలో అవైల్ 41873, యూజ్డ్ 41866, లాస్ట్ యూజ్డ్ 41866. గెస్ట్ ఇచ్చినవి 7 పెండింగ్‌లో ఉన్నాయి, హోస్ట్ పూర్తి చేశానన్నవన్నీ గెస్ట్ చూసేసుకుంది. బంతి హోస్ట్ కోర్టులోనే ఉంది, వందల టాస్క్‌లు ఆగింది ఈ ఏడింటి కోసం. అదే యూజ్డ్ 41873 అయ్యి లాస్ట్ యూజ్డ్ 41866 దగ్గర ఉండి ఉంటే హోస్ట్ పని చేసింది, ఇంటరప్ట్ గెస్ట్‌కి అందలేదు లేదా గెస్ట్ పట్టించుకోలేదు అని అర్థం, అప్పుడు దర్యాప్తు మొత్తం వేరే దారి పట్టేది. ఈ కౌంటర్లు 16 బిట్లు, 65535 తర్వాత సున్నాకి తిరుగుతాయి, స్క్రిప్ట్ రాసేవాళ్లు తీసివేతలో 65536 మాడ్యులో వేసుకోండి. ప్యాక్డ్ రింగ్ ఆన్ చేసుకున్న వీఎంలలో ఈ యూజ్డ్ ఇండెక్స్ ఉండదు, అక్కడ డిస్క్రిప్టర్ల ఫ్లాగులు చూడాలి, క్యూఎము డీఫాల్ట్ మాత్రం స్ప్లిట్ రింగే.

సోమవారం

హ్యాంగ్ మొదలైన సెకను పట్టుకుని హోస్ట్ జర్నల్‌లో ఆ చుట్టుపక్కల చదివా. కొన్ని సెకన్ల ముందు బాండ్ (రెండు నెట్‌వర్క్ కార్డుల్ని ఒకటిగా వాడే ఏర్పాటు) డ్రైవర్ లైన్లు: ఒక ఇంటర్‌ఫేస్ లింక్ డౌన్, రెండోదాన్ని కొత్త యాక్టివ్ చేస్తున్నా అని. ఆ తర్వాత కాసేపటికి ఎన్ఎఫ్ఎస్ సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్. ఎవరూ దాచలేదు, అక్కడే ఉంది, వేల లైన్ల మధ్యలో, ఏ టైమ్ చూడాలో తెలీనంతవరకు కనపడదంతే.

ఆ హోస్ట్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులు, యాక్టివ్-బ్యాకప్ బాండ్, ఒక్కో కార్డు ఒక్కో స్విచ్‌కి. ప్రైమరీ లింక్ పడిపోతే రెండోదానికి మారుతుంది, లేవగానే వెనక్కొస్తుంది. మారితే మారింది, ఎన్ఎఫ్ఎస్ ఎందుకు ఆగాలి? పైగా ఆ టైమ్‌లో స్టోరేజ్ సర్వర్‌కి పింగ్ వెళ్తూనే ఉంది, మానిటరింగ్ గ్రాఫ్‌లో అంతా పచ్చగానే ఉంది.

చిన్న పింగ్ వెళ్తుంది. పెద్దది వెళ్లదు. నెట్‌వర్క్ టీమ్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, బాండ్‌ని చేత్తో రెండో కార్డుకి మార్చి, ఫ్రాగ్మెంట్ చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్ కొట్టాం. 1472 బైట్ల పేలోడ్ వెళ్లింది, అంటే హెడర్లు 28 కలిపి 1500. 8972 పెట్టి, అంటే మొత్తం 9000, కొడితే నిశ్శబ్దం. హోస్ట్‌లోనూ స్టోరేజ్ సర్వర్‌లోనూ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ట సైజ్) 9000, మొదటి స్విచ్‌లో జంబో ఫ్రేములు (1500 దాటిన పెద్దవి) ఆన్, రెండో స్విచ్‌లో ఆ పోర్టులకి లేవు. స్విచ్ పెద్ద ఫ్రేముల్ని చప్పుడు చేయకుండా పారేస్తుంది, లేయర్ 2లో జరిగేది కాబట్టి వెనక్కి ఐసీఎంపీ ఎర్రర్ కూడా రాదు. పింగ్, ఎల్ఎస్, ఫైల్ స్టాట్ లాంటి చిన్న మాటలన్నీ 1500లో పట్టేస్తాయి కాబట్టి సజావుగా నడుస్తాయి, ఈఎక్స్‌టీ4 మామూలుగా రాసే 4 కేబీ బ్లాక్ మాత్రం అందులో పట్టదు. హార్డ్ మౌంట్ కాబట్టి ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ ఎర్రర్ ఇవ్వదు, చచ్చేదాకా మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. ప్రైమరీ లింక్ తిరిగొస్తే అన్నీ ఒక్కసారిగా కదులుతాయి, దానంతట అదే లేచిన కేసులు ఇవే. బాండ్ ప్రాక్ ఫైల్‌లో ప్రైమరీ కార్డు లింక్ ఫెయిల్యూర్ కౌంట్ చూస్తే అది తరచుగా పడుతోందని తెలిసింది, కేబుల్ మార్పించాం.

స్విచ్ కాన్ఫిగ్ సరిచేయడం వాళ్లకి ఐదు నిమిషాల పని. స్టోరేజ్ వాళ్ల గ్రాఫ్‌లు నిజంగానే క్లీన్, వాళ్లని ఇన్నాళ్లు అనుమానించినందుకు టీ పార్టీ బాకీ అని ఒకతను అప్పుడే క్లెయిమ్ వేశాడు.

బుధవారం

కలెక్టర్ స్క్రిప్ట్ తిరగరాశా. ఇప్పుడు వరస ఇది: ముందు క్యూఎము థ్రెడ్ల ప్రాక్ స్టాక్‌లు, బాండ్ స్థితి, హోస్ట్ జర్నల్ తోక, తర్వాత టైమవుట్ పెట్టి వర్ష్ డంప్, అది నిర్ణీత టైమ్‌లో రాకపోతే డ్రెయిన్ దగ్గర ఇరుక్కుందని రాసుకుని మనిషిని అడుగుతుంది, అబార్ట్ కొట్టమంటావా అని. ఆ ఒక్క నిర్ణయం మాత్రం స్క్రిప్ట్‌కి వదలట్లేదు, లింక్ ఇంకో నిమిషంలో తిరిగొచ్చే హ్యాంగ్‌ని మనమే చంపేయొచ్చు. డంప్ వచ్చాక క్రాష్‌ని కమాండ్ ఫైల్‌తో నడిపి లాగ్, యూఎన్ టాస్క్‌ల బీటీ, పీఎస్ ఎమ్ చివరి లైన్లు, రింగ్ కౌంటర్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెడుతుంది. హోస్ట్ మానిటరింగ్‌లో 8972 పింగ్ చెక్ కూడా వేశా, ఇది బాండ్‌లో రెండు కార్డుల దారినీ చూడాలి, ప్రస్తుతానికి యాక్టివ్ దారినే చూస్తోంది, రెండోదానికి మెయింటెనెన్స్ విండోలో చేత్తో మార్చి చూడటమే.

మధ్యలో ఇంకో వీఎం పడింది, అది వేరే రకం, సీపీయూ వంద శాతం కొట్టుకుంటూ హ్యాంగ్. అక్కడ వర్ష్ డంప్ నిమిషంలోపే వచ్చింది, ఐఓ ఏదీ ఇరుక్కోలేదు కాబట్టి డ్రెయిన్ వెంటనే అయిపోయింది, రింగులన్నీ సమానం. రిజిస్టర్లు ఉన్న డంప్ కాబట్టి బీటీ ఏ (సీపీయూల మీద నడుస్తున్న టాస్క్‌ల బ్యాక్‌ట్రేస్) నమ్మొచ్చు, సీపీయూలన్నీ క్యూడ్ స్పిన్‌లాక్ స్లోపాత్‌లో, అంటే లాక్ కోసం ఎదురుచూసే కోడ్‌లో, తిరుగుతున్నాయి, లాక్ పట్టుకున్నవాడు ఒక బయటి సెక్యూరిటీ ఏజెంట్ కెర్నెల్ మాడ్యూల్‌లో, పట్టుకున్న లాక్‌నే మళ్లీ అడుగుతున్నాడు. వడకట్టిన డంప్, బీటీ కలిపి వెండర్‌కి పంపాం, ఈలోపు ఆ మాడ్యూల్ అన్‌లోడ్ చేసి నడుపుతున్నాం.

విండోస్ గెస్ట్‌లు ఇంకా ముట్టుకోలేదు. వాటికి విన్-డీఎంపీ ఫార్మాట్‌లో నేరుగా విన్‌డీబీజీ (విండోస్ డీబగ్గర్) తెరిచే డంప్ ఇస్తుంది క్యూఎము, కాకపోతే వీఎంకోర్‌ఇన్ఫో డివైస్‌తో పాటు గెస్ట్ లోపల విర్ట్‌ఐఓ-విన్ ప్యాకేజీలోని ఎఫ్‌డబ్ల్యూసీఎఫ్‌జీ డ్రైవర్ ముందే వేసి ఉండాలి. వాటి అడ్మిన్లని రీబూట్ విండో అడిగాను, ఇస్తామన్నారు, ఇవ్వగానే అక్కడినుంచి రాస్తా.